ఎర్రర్ పేజీల మీద అపోహలు: ఫ్లాస్క్, జాంగో వాడేవాళ్లకు

కోడ్ రివ్యూలో నేను ఎక్కువసేపు ఆగేది ఎర్రర్ హ్యాండ్లింగ్ దగ్గరే. మిగతాదంతా టెస్ట్ చేస్తారు, ఇది మాత్రం 'పేజీ వస్తోంది కదా' అని వదిలేస్తారు. ఫ్లాస్క్, జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లు వాడేవాళ్ల దగ్గర తరచూ వినే మాటలు కొన్ని చెప్తాను. సర్వర్ ప్రతి జవాబుతో పాటు ఒక స్టేటస్ కోడ్ పంపుతుంది: 200 అంటే అంతా బాగుంది, 404 అంటే పేజీ లేదు, 500 అంటే సర్వర్‌లో లోపం.

అపోహ: 'పేజీ దొరకలేదు' అని కనిపిస్తే 404 వెళ్లినట్టే.

వాస్తవం: ఫ్లాస్క్‌లో 404కి ఎర్రర్ హ్యాండ్లర్ రాసి, టెంప్లేట్‌ని (పేజీ హెచ్‌టీఎంఎల్ నమూనా) రెండర్ చేసి రిటర్న్ చేస్తే వెళ్లేది 200. బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే తెలుస్తుంది. రిటర్న్ లైన్ చివర కామా పెట్టి 404 అని మీరే రాయాలి. జాంగోలో టెంప్లేట్ ఒక్కటే పెడితే కోడ్ సరిగ్గానే వెళ్తుంది. సొంత హ్యాండ్లర్ రాశారంటే అక్కడా స్టేటస్ మీరే ఇవ్వాలి. మనిషి బొమ్మ చూస్తాడు, మెషీన్ నంబర్ చూస్తుంది. 200 చూసిన మొబైల్ యాప్ ఆ హెచ్‌టీఎంఎల్‌ని జేసన్ (యాప్‌లు చదివే డేటా రూపం) అనుకుని చదవబోయి క్రాష్ అవుతుంది. గూగుల్ ఇలాంటి పేజీలను 'సాఫ్ట్ 404' కింద లెక్కేస్తుంది.

అపోహ: 500 వచ్చిందంటే డేటాబేస్‌లో ఏమీ మారలేదు.

వాస్తవం: అసలు డబ్బులు పోయేది ఇక్కడే. జాంగో డిఫాల్ట్‌గా ఆటోకమిట్‌లో నడుస్తుంది, ప్రతి సేవ్ అక్కడికక్కడే ఖరారవుతుంది. ఒక వ్యూ (రిక్వెస్ట్‌కి జవాబిచ్చే ఫంక్షన్) ముందు ఆర్డర్ సేవ్ చేసి, స్టాక్ తగ్గించి, ఆ తర్వాత ఎస్ఎంఎస్ పంపుతుందనుకోండి. ఎస్ఎంఎస్ గేట్‌వే జవాబివ్వలేదు, ఎక్సెప్షన్ లేచింది, కస్టమర్‌కి 500 కనిపించింది. కానీ ఆర్డర్ ఉంది, స్టాకూ తగ్గింది. మన పేజీ మీదేమో 'మళ్లీ ప్రయత్నించండి' అని పెద్ద బటన్! నొక్కుతాడు, రెండో ఆర్డర్ పడుతుంది.

ఆర్డర్, స్టాక్ రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి, అంటే పడితే రెండూ పడాలి, లేదంటే ఏదీ పడకూడదు. ఎస్ఎంఎస్ మాత్రం ఆ మార్పులు కమిట్ (ఖరారు) అయ్యాక, వీలైతే విడిగా క్యూలోంచి వెళ్లాలి. 'రిక్వెస్ట్ మొత్తాన్ని ఒకే ట్రాన్సాక్షన్ చేసే సెట్టింగ్ ఉంది కదా' అంటారు. ఉంది. కానీ అది వెనక్కి తీసేది డేటాబేస్ మార్పులనే, వెళ్లిపోయిన ఎస్ఎంఎస్‌ని కాదు. ఫామ్‌తో పాటు ఒక యూనిక్ కీ పంపి, అదే కీ రెండోసారి వస్తే పాత ఆర్డర్‌నే చూపించడం ఇంకా నయం. బటన్ బదులు 'ముందు మీ ఆర్డర్ల జాబితా చూసుకోండి' అని రాసినా సగం టెన్షన్ తగ్గుతుంది.

అపోహ: 500 పేజీకి కూడా సైట్ లేఅవుటే వాడితే బాగుంటుంది.

వాస్తవం: జాంగో 500 టెంప్లేట్‌ని ఖాళీ కాంటెక్స్ట్‌తో, అంటే టెంప్లేట్‌కి ఏ డేటా ఇవ్వకుండా రెండర్ చేస్తుంది, కావాలనే. అక్కడ యూజర్ ఎవరో తెలియదు. బేస్ టెంప్లేట్‌ని తెచ్చి పెడితే లాగిన్ అయి ఉన్న మనిషికి కూడా పైన 'లాగిన్' బటన్ కనిపిస్తుంది, లాగౌట్ అయిపోయాననుకుంటాడు. మెనూ కోసం డేటాబేస్‌ని అడిగే టెంప్లేట్ ట్యాగ్ ఉంటే, డేటాబేస్ పడిపోయిన రోజు ఎర్రర్ పేజీ కూడా పడిపోతుంది. సాదా హెచ్‌టీఎంఎల్, అందులోనే నాలుగు లైన్ల స్టైల్ చాలు.

అపోహ: 502, 504లకు కూడా ఫ్రేమ్‌వర్క్‌లోనే హ్యాండ్లర్ రాయొచ్చు.

వాస్తవం: 502 (యాప్ నుంచి సరైన జవాబు రాలేదు), 504 (సమయానికి జవాబు రాలేదు) సాధారణంగా యాప్ ముందుండే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్ ఇచ్చేవి. యాప్ 60 సెకన్లు మాట్లాడకపోతే డిఫాల్ట్‌గా 504 ఇచ్చేస్తుంది. యాప్‌ని నడిపే గునికార్న్ డిఫాల్ట్ 30 సెకన్లే కాబట్టి మామూలు సింక్ వర్కర్ (ఒకసారికి ఒక్క రిక్వెస్ట్‌నే చూసే ప్రాసెస్) అంతకంటే ముందే చస్తుంది, అప్పుడు 502. అప్‌లోడ్ చేసే ఫైల్ 1 ఎంబీ దాటితే 413 (మరీ పెద్దది), అదీ యాప్‌దాకా రాకుండానే. మీరు తెలుగులో ముచ్చటగా రాసుకున్న పేజీ ఇక్కడ కనిపించాలంటే ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో చెప్పాలి.

అపోహ: అనుమతి లేకపోతే ఎప్పుడూ 403 ఇవ్వాలి.

వాస్తవం: ఆ వస్తువు ఉందన్న సంగతే రహస్యమైతే 404 ఇవ్వొచ్చు. గిట్‌హబ్ ప్రైవేట్ రిపాజిటరీలకు చేసేది అదే.

అపోహ: డీబగ్ (ఎర్రర్ వివరాలన్నీ పేజీలో చూపించే సెట్టింగ్) ఆఫ్ చేస్తే సీఎస్ఎస్ పోతోంది, కాబట్టి సర్వర్‌లో కూడా ఆన్‌లోనే ఉంచాలి.

వాస్తవం: ఇది విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. డీబగ్ ఆఫ్ అయితే జాంగో డెవలప్‌మెంట్ సర్వర్ సీఎస్ఎస్ లాంటి స్టాటిక్ ఫైల్స్ ఇవ్వడం ఆపేస్తుంది, అంతే. ఆ పని ఇంజిన్‌ఎక్స్‌కో వైట్‌నాయిస్ అనే పైథాన్ లైబ్రరీకో అప్పగించండి. ఆన్‌లో ఉంచితే ట్రేస్‌బ్యాక్‌లో (ఎర్రర్ ఎక్కడ వచ్చిందో చూపే వివరాలు) మీ లోకల్ వేరియబుల్స్ అన్నీ దారినపోయేవాళ్లకు కనిపిస్తాయి. జాంగో దాచేది పాస్‌వర్డ్, టోకెన్ లాంటి పేర్లున్న సెట్టింగ్‌ల వంటివాటినే. వ్యూలో మీరు పెట్టుకున్న కస్టమర్ ఫోన్ నంబర్‌ని కాదు. ఫ్లాస్క్ డీబగ్గర్ అయితే బ్రౌజర్‌లోంచే పైథాన్ కోడ్ నడపనిస్తుంది, మధ్యలో అడ్డు ఒక పిన్ మాత్రమే.