అమెరికా నీటి బిల్లులో ‘ఫైర్ ప్రొటెక్షన్’: అపోహలు - వాస్తవాలు

నేను అనంతపురంలో కూర్చుని అమెరికా నీటి సంస్థలకు బిల్లింగ్ పని చేస్తాను. అందుకే కొడుకో కూతురో అక్కడ ఇల్లు కొన్న తెలిసినవాళ్లంతా బిల్లు ఫొటో వాట్సాప్‌లో పంపి, అందులో ‘ఫైర్ ప్రొటెక్షన్’ పేరుతో ఉన్న చార్జీ చూపించి అడిగేది ఒకటే: “ఏమప్పా, మావాని ఇంట్లో మంటలే రాలేదు కదా, ఈ లెక్క ఎందుకు కట్టాల?”

అపోహ: ఆ డబ్బు ఫైర్ స్టేషన్‌కు పోతుంది.

వాస్తవం: చాలా ఊళ్లలో పోదు. ఫైరింజన్లకు, సిబ్బంది జీతాలకు సాధారణంగా వేరే పన్నులుంటాయి. ఇది నీటి సంస్థకే, అంటే హైడ్రెంట్లకు (ఫైరింజన్ పైపు తగిలించి నీళ్లు తీసుకునే వీధి కుళాయిలు), లావు పైపులకు, పెద్ద ట్యాంకులకు, పంపులకు. ఇంటి వాడకానికైతే వీధిలో సన్న పైపు చాలు, హైడ్రెంట్ పెట్టాలంటే మాత్రం మెయిన్ పైపు కనీసం 6 అంగుళాలు ఉండాలి. ఒకటి రెండు అంతస్తుల ఇళ్లు 11 నుంచి 20 అడుగుల ఎడంలో ఉంటే, నిమిషానికి 1,000 గ్యాలన్లు, అంటే దాదాపు 3,785 లీటర్లు అందాలని అక్కడి ఇన్సూరెన్స్ రేటింగ్ లెక్క. ఎండాకాలం మన వీధికొచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్ ఆ వేగానికి 80 సెకన్లలో ఖాళీ! అలా రెండు గంటలు ఇవ్వాలంటే నాలుగున్నర లక్షల లీటర్లు ఎప్పుడూ నిల్వ ఉండాల్సిందే, ఖర్చంతా అక్కడే. (మన నీటి బిల్లులో ఈ లైను లేదని సంబరపడేవాళ్లు, మీ వీధిలో హైడ్రెంట్ ఎక్కడుందో ఒకసారి వెతకండి.)

అపోహ: నీళ్లు తక్కువ వాడితే ఇదీ తగ్గుతుంది.

వాస్తవం: తగ్గదు. ఎక్కువ చోట్ల మీటరు సైజును బట్టి వేస్తారు. ఇంటికి తాళం వేసి రెండు నెలలు ఇండియా వచ్చినా పడుతుంది.

అపోహ: ఇది కొత్త దోపిడీ.

వాస్తవం: ఖర్చు పాతదే. ఉదాహరణకు, విస్కాన్సిన్ రాష్ట్రంలో ఊరి పాలకవర్గం దీన్ని ఆస్తి పన్నులోంచి కట్టొచ్చు, లేదా నేరుగా నీటి బిల్లులో వేయొచ్చు. బిల్లులోకి మారిస్తే ఆస్తి పన్ను లేని చర్చిలు, యూనివర్సిటీలు కూడా కట్టాల్సి వస్తుంది, అది న్యాయమే. అయితే ఇటు వేసినప్పుడు అటు పన్ను తగ్గించారా? మీవాళ్లు ఊరి మీటింగ్‌లో అడగాల్సింది ఇదీ.

అపోహ: ఇంట్లో స్ప్రింక్లర్లు (మంటలొస్తే పైకప్పు నుంచి వాటంతటవే నీళ్లు చల్లేవి) ఉంటే మాఫీ.

వాస్తవం: కాదు, ఒక్కోసారి ఎక్కువే పడుతుంది. స్ప్రింక్లర్ల కోసం 1 అంగుళం మీటరు పెట్టుకుంటే పెద్ద మీటరు రేటు వేస్తారు, నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది. కొన్ని సంస్థలు అడిగితే చిన్న మీటరు రేటుకే మారుస్తాయి. కాబట్టి బిల్లు మీద మీటరు సైజు చూసి, ఒక ఫోన్ కొట్టమనండి.