విదేశీ మిషన్ బృందాలు, డెల్టా పిల్లలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

గోదావరి డెల్టాలోని నరసాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం సంఘాలకు విబిఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి) రోజుల్లోనూ క్రిస్మస్‌కూ విదేశాల నుంచి బృందాలు వస్తుంటాయి. పిల్లల మీద ప్రేమతోనే వస్తారు. వాళ్ళను పిలిచే పాస్టర్లు, యూత్ వాళ్ళు ముందుగా తేల్చుకోవాల్సిన సంగతులు ఇవి.

అపోహ: పిల్లల హోమ్‌లో ఉన్నవాళ్ళంతా అనాథలే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ హాని చేసే అపోహ ఇదే. అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. నాన్న రొయ్యల చెరువు కాపలాకు పోయి రాత్రిళ్ళు అక్కడే పడుకుంటాడు. అమ్మమ్మకు చూపు ఆనదు. డెల్టాలో చాలామంది పిల్లలు హోమ్‌కు చేరేది ఇలాంటి కారణాలతోనే. అలాంటి పిల్లను బృందం ముందు నిలబెట్టి ‘అనాథ’ అని పరిచయం చేస్తే విరాళం వస్తుంది. కానీ తల్లి బతికుండగానే ఆ మాట వింటూ తలొంచుకుని నిలబడాల్సింది ఆ పిల్లే. విరాళాలు పెరిగేకొద్దీ ఇళ్ళ నుంచి మరికొందరు పిల్లలను తెచ్చే ఆశా పెరుగుతుంది.

2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం హోమ్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. పిల్లలను అక్కడ ఉంచాలంటే బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు కావాలి. బృందాన్ని తీసుకెళ్ళే ముందే ఈ రెండు కాగితాలూ అడిగి చూడండి. చూపించకపోతే వెళ్ళకండి. అమ్మమ్మ దగ్గరే పెరగగల పిల్లకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద నెలకు రూ. 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. ఆ దరఖాస్తు నింపి పెట్టడం కూడా పరిచర్యే.

అపోహ: బ్యాగులు, బూట్లు తెస్తే చాలు.

సర్కారు బడి పిల్లలకు బ్యాగు, బూట్లు, యూనిఫాం, పుస్తకాలు ప్రభుత్వమే ఇస్తుంది. 65 మంది వచ్చిన చోట 40 బహుమతులు పంచితే మిగిలేది ఏడుపులే. ఏం కావాలో టీచరును అడిగి భీమవరంలోనో పాలకొల్లులోనో కొనండి. సైజు తప్పితే మర్నాడే మార్చుకోవచ్చు.

అపోహ: టూరిస్టు వీసా ఉంటే ప్రసంగం కూడా చెయ్యొచ్చు.

వాస్తవం: చెయ్యకూడదు. మిషనరీ పనికి మిషనరీ వీసా వేరే ఉంది. ఇంట్లో దించుకున్నా సరే, 24 గంటల్లోపు విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. వెళ్ళేటప్పుడు పాస్టర్ గారి చేతిలో కవరు పెట్టడం ఇంకో తప్పు. సంఘం పనికి ఇచ్చే విదేశీ విరాళం ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థకు, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతా ద్వారానే రావాలి. బడి ఆవరణలో బైబిలు పాఠాలు వద్దు. విబిఎస్ చర్చిలోనే పెట్టుకోండి, తల్లిదండ్రుల చేత తెలుగులో రాసిన అంగీకార పత్రం మీద సంతకం తీసుకోండి. అన్నానికీ మందులకూ ప్రార్థనను షరతు చెయ్యకండి.

అపోహ: మెడికల్ క్యాంపు పెడితే ఎప్పుడూ మేలే.

వాస్తవం: విదేశీ డాక్టరు ఇక్కడ వైద్యం చెయ్యాలంటే నేషనల్ మెడికల్ కమిషన్ అనుమతి కావాలి. నులిపురుగుల మాత్ర బళ్ళలో, అంగన్‌వాడీల్లో ఎలాగూ ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇస్తారు. ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎంను అడగకుండా మళ్ళీ మింగించకండి. పాలపొడి డబ్బాలు అసలే పంచొద్దు. ఉప్పునీటి ఊళ్ళలో ఆ పాలు కలపడానికి మంచినీళ్ళెక్కడివి? తల్లిపాలు తగ్గిపోతాయి, విరేచనాలు పట్టుకుంటాయి.

బృందం నిజంగా చెయ్యగలిగిన పని ఒకటుంది: దండచుట్టు కొలత. పిల్లల వయసు ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు ఉండాలి. ఎడమ చెయ్యి వదులుగా వేలాడనిచ్చి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. టేపు చర్మానికి ఆనాలి, నొక్కుకోకూడదు. బిగిస్తే కొలత తక్కువ చూపించి తల్లిని ఊరికే భయపెడుతుంది. 11.5 సెం.మీ. కంటే తక్కువైతే తీవ్ర పోషకాహార లోపం. ఆ రోజే ఏఎన్‌ఎం ద్వారా ఆసుపత్రికి పంపాలి.

అపోహ: ఫొటోలు పెడితే సాయం పెరుగుతుంది.

హోమ్ పిల్లల ముఖం, పేరు, ఊరు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టమే 74వ సెక్షన్‌లో నేరమంది. ఒంటరిగా ఏ పెద్దవాళ్ళూ ఏ పిల్లతోనూ గదిలో ఉండకూడదు, బండి ఎక్కించుకుని తిప్పకూడదు. ఎవరి తీరైనా అనుమానంగా ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యండి, అతిథి నొచ్చుకుంటాడని ఆగకండి.

అపోహ: భాష రాకపోయినా ప్రేమ చాలు.

1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులు తెలుగు నేర్చుకుని ఈ డెల్టాలోనే స్థిరపడ్డారు. పది రోజులకొచ్చే బృందానికి అంత వీలుండదు, కాబట్టి కథ చెప్పేది మన సండేస్కూలు టీచరే కావాలి. అనువాదంతో పది నిమిషాల కథ ఇరవై అవుతుంది, వెనక వరస పిల్లలు అప్పటికే లేచిపోతారు. వచ్చినవాళ్ళు ఆటలు ఆడించి, నీళ్ళు అందించాలి. మే నెలలో ఉదయం ఏడున్నరకు మొదలుపెట్టి పదిన్నరకు ముగించండి. 60 మందికి తలా అర లీటరు చొప్పున 30 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు రెండు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఓ పది దగ్గరుంచుకోండి. ప్యాకెట్టంతా ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసులో సగం పొడి వేసి ఇవ్వకూడదు.