పైపు ఖాళీగా ఉన్న వేళ

ఒంగోలు తాగేది సాగర్ నీళ్లు. నాగార్జునసాగర్ కుడి కాలువ పారే రోజుల్లోనే ఆ నీళ్లను సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులకు ఎక్కించి దాచుకుంటారు. పేరుకు ట్యాంకులే గానీ చూడటానికి చెరువుల్లా ఉంటాయి. కాలువ కట్టేశాక ఎండాకాలం ఆ నిల్వతోనే నెట్టుకురావాలి. ప్రకాశం జిల్లాలో చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ, కాబట్టి బోర్లను నమ్ముకుందామన్నా కుదరదు. ఇలాంటి ఊళ్లలో నిల్వ అడుగంటుతోందంటే ఇంటింటా టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు ఎవరైనా మొదట చేసేది కుళాయి వదిలే రోజులు తగ్గించడమే.

నీళ్లు తక్కువున్నప్పుడు పొదుపు చేయాల్సిందే. కానీ కుళాయి రాని ఆ గంటల్లో భూమిలో ఉన్న పైపు ఏమవుతుందో మనం పట్టించుకోం. చిన్న నగరాల తాగునీటికి అసలు ప్రమాదం ఆ గంటల్లోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

శుద్ధి కేంద్రంలో జరిగేది చాలామందికి తెలిసిందే. పటిక కలిపితే బురద రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి అడుగుకు దిగుతాయి. మిగిలింది ఇసుక పొరల్లో ఆగుతుంది. చివర క్లోరిన్ కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కిస్తారు. ఆ ట్యాంకును అంత ఎత్తున కట్టేది ఒత్తిడి కోసం. 10 మీటర్ల ఎత్తున్న నీళ్లు, మన చుట్టూ ఉన్న గాలి ఎంత బలంగా నొక్కుతుందో దాదాపు అంత బలంగా కిందికి నొక్కుతాయి. ఆ బలమే నీటిని వీధివీధీ తిప్పి ఇంటిదాకా తోస్తుంది. కాపలా కాసేది కూడా అదే. పైపులో ఒత్తిడి ఉన్నంతసేపు, చిల్లు ఎక్కడున్నా నీళ్లు బయటికి చిమ్ముతాయే తప్ప బయటి మురికి లోపలికి రాలేదు.

వాల్వ్ కట్టగానే కథ తిరగబడుతుంది. పల్లంలో ఉన్నవాళ్లు ఇంకా బిందెలు పట్టుకుంటూనే ఉంటారు. నీళ్లు అటు జారేకొద్దీ మెరక మీది పైపులో ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గిపోతుంది. అప్పుడు అదే చిల్లు తన చుట్టూ ఉన్న తడిని లోపలికి పీలుస్తుంది. కుళాయికి మోటారు బిగించి లాగితే ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది. మనకు నాలుగు బిందెలు ఎక్కువ దొరకొచ్చు, కానీ వీధి పైపులోకి మురుగు వచ్చే దారి కూడా మనమే తెరిచినట్టు.

నేను పెరిగిన ఊళ్లో ఒకసారి మా వీధి మురుగుకాలువలో పూడిక తీశారు. నల్లటి బురద ఎత్తిపోసేసరికి, ఇళ్లకు పోయే ఇనప పైపులు వరసగా బయటపడ్డాయి. తుప్పు పొలుసులుగా లేచింది. ఒకదానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించారు. కుళాయి వచ్చే వేళ కావడంతో ఆ కట్టు సందులోంచి నీళ్లు సన్నగా చిమ్ముతున్నాయి. గంట తర్వాత మళ్లీ చూశాను. చిమ్మడం ఆగిపోయింది, మురుగు ఆ కట్టును ముంచేసి నిలబడింది. మా అమ్మ ప్రతిసారీ మొదటి బిందె ఎందుకు పారబోసేదో ఆ రోజు అర్థమైంది. నీళ్లు తేటపడినంత మాత్రాన తర్వాతి బిందె మంచిదని చెప్పలేం.

కర్ణాటకలోని హుబ్బళ్లి-ధార్వాడలో కొన్ని వార్డులకు పైపులు మార్చి 24 గంటలూ నీళ్లిచ్చారు. పరిశోధకులు వాటిని పాత పద్ధతిలో నీళ్లందే వార్డులతో పోల్చారు. మలం కలిసిందని చెప్పే ఈ. కోలి బ్యాక్టీరియా, పాత పద్ధతి కుళాయిల నమూనాల్లో నూటికి దాదాపు 32 చోట్ల కనిపించింది. నిరంతరం నీళ్లొచ్చే కుళాయిల్లో నూటికి ఒకటి కూడా లేదు. అలాగని జబ్బులన్నీ మాయమైపోలేదు. పసిపిల్లల విరేచనాలు మొత్తం మీద పెద్దగా తగ్గలేదు, ఎందుకంటే క్రిములు చేతుల నుంచీ తిండి నుంచీ కూడా వస్తాయి. టైఫాయిడ్ మాత్రం తక్కువగా కనిపించింది.

24 గంటలూ వదిలితే నీళ్లు చాలవని చాలామంది భయం. ఆ భయం అర్థం లేనిది కాదు. లీకులు పూడ్చకుండా, మీటర్లు పెట్టకుండా వదిలితే నిజంగానే చాలవు. కానీ ఇప్పుడు మాత్రం ఎంత వృథా కావడం లేదు? మళ్లీ ఎప్పుడొస్తాయోనని దొరికినదంతా నింపుతాం, కొత్త నీళ్లు రాగానే పాతవి పారబోస్తాం. మూతలేని డ్రమ్ములో నిలిచిన నీళ్లు డెంగీ దోమకు ఇల్లవుతాయి. ఒడిశాలోని పూరీ 2021 జులైలో, 24 గంటలూ వచ్చే కుళాయి నీళ్లు నేరుగా తాగే పద్ధతికి మారింది. అక్కడ జలసాథీలు అనే మహిళలు ఇంటింటికీ వెళ్లి మీటర్లు చూస్తారు, నీటిని పరీక్షిస్తారు.

ఆ పరీక్షల్లో ఒకటి చాలా తేలిక. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టెలోని గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్నంత మేరకు పసుపు రంగు తిరుగుతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. దారిలో మురుగు కలిస్తే, దాంతో పోరాడి క్లోరిన్ ఖర్చయిపోతుంది. అందుకే ట్యాంకు కింద ఆ గొట్టం పసుపు రంగులో కనిపించిందని సంతోషపడటానికి లేదు. ఊరి చివర, ఆఖరి వీధిలోని ఆఖరి కుళాయి దగ్గర, నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాల్లో పట్టి చూడాలి.