మొన్నే తీసిన శాంపిల్ ఇవాళ ఎందుకు చెల్లదు?

తిరుపతి ఆస్పత్రుల దగ్గర రక్తం గొడవ మళ్లీ మొదలైంది. సోమవారం శాంపిల్ ఇచ్చాం, రెండు ప్యాకెట్లు మ్యాచ్ అయ్యాయన్నారు, ఒకటి ఎక్కించారు, శుక్రవారం రెండోది అడిగితే మళ్లీ శాంపిల్, మళ్లీ ఫీజు అంటున్నారు. ఇదీ పేషెంటు తరఫు వాళ్ల ఫిర్యాదు. నాలుగు రోజుల్లో బ్లడ్ గ్రూపు మారిపోతుందా అని కూడా అడుగుతున్నారు. గ్రూపు మారదు గానీ, రక్తంలోని యాంటీబాడీలు, అంటే పరాయి కణాలను గుర్తుపట్టి అంటుకునే ప్రొటీన్లు, మారొచ్చు.

ఏ, బీ, ఓ గ్రూపుల కథ బడిపిల్లలకూ తెలిసిందే కాబట్టి వదిలేద్దాం. 1945లో ఇంగ్లండులో కూంబ్స్, మౌరంట్, రేస్ అనే ముగ్గురు ఒక పరీక్షను ప్రకటించారు. కొన్ని యాంటీబాడీలు ఎర్రకణాలకు అంటుకుంటాయి గానీ వాటిని ఉండ కట్టించవు. అందుకే మామూలు క్రాస్‌మ్యాచ్‌కు, అంటే దాత కణాలను రోగి సీరంతో కలిపి సరిపోల్చే పరీక్షకు, దొరకవు. వాటిని పట్టేది ఈ పరీక్ష. రోగి సీరంలో కాసేపు ఉంచిన దాత కణాలను సెలైన్‌తో కడిగి, అంటుకున్న యాంటీబాడీలను ఒకదానితో ఒకటి కలిపే రీఏజెంటు వేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ట్యూబును వెలుతురుకు పట్టి మెల్లగా కదుపుతారు. అడుగున పేరుకున్న ఎర్రటి బొట్టు పొగలా విడిపోతే ఆ ప్యాకెట్ సరిపోయినట్టే. రవ్వలు రవ్వలుగా లేస్తే పక్కన పెట్టాల్సిందే. ఇప్పుడు చాలాచోట్ల ట్యూబుల బదులు జెల్ కార్డులు వచ్చాయి, సూత్రం మాత్రం అదే.

1951లో కిడ్ అనే యాంటిజెన్, అంటే ఎర్రకణాల మీద ఉండే ఒక గుర్తు, బయటపడింది. నా లెక్కలో అసలు మలుపు ఇది. ఎప్పుడో ఎక్కించిన రక్తం వల్లో, కాన్పు వల్లో తయారైన కిడ్ యాంటీబాడీ కొన్నాళ్లకు పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. క్రాస్‌మ్యాచ్‌లో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఆ యాంటిజెన్ ఉన్న రక్తం మళ్లీ ఎక్కేసరికి శరీరానికి పాత పగ గుర్తొచ్చినట్టు, కొద్ది రోజుల్లోనే యాంటీబాడీ విజృంభిస్తుంది. ఎక్కించిన కణాలు విరిగిపోతాయి, కళ్లు పచ్చబడతాయి, హిమోగ్లోబిన్ పడిపోతుంది. ఒక్కోసారి కిడ్నీల మీదికీ వస్తుంది. అంటే సోమవారం శాంపిల్‌లో కనిపించనిది శుక్రవారం శాంపిల్‌లో ఉండొచ్చు. దాన్ని నిద్రలేపింది సోమవారం ఎక్కిన మొదటి ప్యాకెట్టే కావచ్చు.

శాంపిల్ గడువు విషయంలో బ్రిటన్‌లో మొదట ఒక పట్టిక ఉండేది. రక్తం ఎక్కి రెండు వారాలు దాటకపోతే శాంపిల్ 24 గంటల్లోపుది, నెలలోపైతే 72 గంటలు, మూడు నెలల్లోపైతే వారం. అర్ధరాత్రి డ్యూటీలో ఈ లెక్కలు ఎవరు వేస్తారు? 2012లో దాన్ని సరళం చేశారు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కినా, గర్భం ఉన్నా, శాంపిల్ మూడు రోజుల్లోపుదై ఉండాలి. అమెరికాలోనూ మూడు రోజులే. అక్కడ శాంపిల్ తీసిన రోజును సున్నాగా లెక్కిస్తారు కాబట్టి సోమవారం తీసింది గురువారం అర్ధరాత్రి వరకు చెల్లుతుంది. మనవాళ్లు శుక్రవారం అడిగారు.

మన దగ్గర తికమకకు ఇంకో కారణం ఉంది. దాత, రోగి శాంపిళ్లను రక్తం ఇచ్చాక ఏడు రోజులు భద్రపరచాలని డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనలు చెబుతున్నాయి. దాచిన శాంపిల్‌తోనే పరీక్ష చేయొచ్చు కదా అని కొందరి వాదన. దాచేది రియాక్షన్ వస్తే వెనక్కి వెళ్లి చూసుకోవడానికి. కొత్త ప్యాకెట్‌ను సరిపోల్చడానికి అది పనికిరాదు.

మూడు నెలలుగా రక్తం ఎక్కని, గర్భం లేని పేషెంటుకు ఆపరేషన్ వాయిదా పడితే మాత్రం ఇంత పట్టుదల అక్కర్లేదు. పాత శాంపిల్‌నే ఇంకొన్ని రోజులు వాడుకునే పద్ధతి విదేశాల్లో ఉంది. అయితే ఆ పేషెంటుకు రక్తం ఎక్కలేదని చెప్పాల్సింది ఎవరు? చిత్తూరు వైపు మనిషి పోయిన నెల వేలూరులో రక్తం ఎక్కించుకుని, డిశ్చార్జి కాగితం ఇంట్లో వదిలేసి తిరుపతి వస్తాడు. రిక్వెస్ట్ ఫారంలో ‘ఇంతకుముందు రక్తం ఎక్కించారా’ అన్న గడి ఖాళీగా వస్తే, ఎక్కించారనే అనుకోవడం తప్ప టెక్నీషియన్‌కు దారి లేదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లలకు ఆ గడితో పనే లేదు, వాళ్లు ఎప్పుడూ ఆ మూడు నెలల లెక్కలోనే ఉంటారు.

ఫీజు సంగతి వేరు. రెండో పరీక్ష ఖర్చు పేషెంటు మీదే ఎందుకు పడాలన్నది అడగాల్సిన ప్రశ్నే. అడగాల్సింది యాజమాన్యాన్ని, రాత్రిపూట కౌంటర్‌లో కూర్చున్న టెక్నీషియన్‌ను కాదు.