ఎడారి పురుగులు, మన పిండి డబ్బా: కొన్ని అపోహలు - వాస్తవాలు

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురాలో జంతుశాస్త్రం బోధిస్తున్న నేను, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల నోట మే నెల ఎండల్లో ఏటా వినే మాటలివి.

అపోహ: ఎడారి కీటకాలు ఎంత వేడినైనా ఓర్చుకుంటాయి.

వాస్తవం: అంతగా ఓర్చుకునేవి బహు తక్కువ. సహారాలోని వెండి చీమ తన శరీర ఉష్ణోగ్రత సుమారు 53 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా తట్టుకోగలదు. అయితే అది కూడా మిట్టమధ్యాహ్నం కొద్ది నిమిషాలే బయట తిరుగుతుంది. పుట్ట దాటకముందే, వేడికి కణాలు దెబ్బతినకుండా కాపాడే ప్రొటీన్లను సిద్ధం చేసుకుంటుంది. ఒంటిమీది త్రికోణాకారపు వెంట్రుకలతో ఎండను తిప్పికొడుతుంది. అనేక ఇతర కీటకాలు పగలంతా ఇసుకలో దాగి, చల్లబడ్డాకే వెలుపలికి వస్తాయి.

అపోహ: వాటి ప్రధాన సమస్య వేడి.

వాస్తవం: అంతకంటే పెద్ద సమస్య నీరు. శరీరం చిన్నదైనకొద్దీ దాని ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువవుతుంది కనుక, లోపలున్న కాస్త తడి కూడా త్వరగా ఆవిరైపోతుంది. దానిని అడ్డుకునేది పైపొర మీది పలుచని మైనపు పూత. మన పెద్దలు పెసలలో, మినుములలో బూడిద కలిపి దాచే పద్ధతి పనిచేయడానికి ఒక కారణం ఇక్కడే ఉంది: బూడిద రేణువులు ఆ పూతను గీరివేయగా పురుగు ఒంట్లోని నీరు కోల్పోయి ఎండి చనిపోతుంది. ఈ పద్ధతిని మూఢాచారమని తీసిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం.

అపోహ: ఎడారి పురుగులన్నీ పొగమంచు తాగి బతుకుతాయి.

వాస్తవం: ఆఫ్రికాలోని నమీబ్ ఎడారిలో తల వంచి, వీపు పైకెత్తి మంచుబిందువులను నోటికి జార్చుకునే పెంకుపురుగులు కొన్ని జాతులే.

అపోహ: నీళ్లు తాగని పురుగుకు నీటి అవసరమే లేదు.

వాస్తవం: జొన్నపిండి డబ్బాలో తిరిగే ఎర్ర పిండిపురుగును చూడండి, ఇది ఆ నమీబ్ పెంకుపురుగుల కుటుంబానికే చెందినది. తిన్న ఆహారం శరీరంలో ఆక్సిజన్‌తో కలిసి శక్తినిచ్చేటప్పుడు నీరు కూడా పుడుతుంది. ఒక గ్రాము కొవ్వు నుంచి గ్రాముకు కాస్త పైగానే నీరు వస్తుంది. ఇక దానిని పోనివ్వకుండా చూసే ఏర్పాటు మరింత అద్భుతమైనది. మూత్రపిండాల పని చేసే మాల్పీజియన్ నాళికల కొనలు పేగు చివరి భాగమైన పురీషనాళాన్ని చుట్టుకొని, తమలో లవణాలను గాఢంగా పోగుచేసుకొని, ఆ బలంతో మలంలోని తడిని వెనక్కి లాగుతాయి. వ్యర్థ నత్రజని కూడా దాదాపు నీరు అక్కరలేని యూరిక్ ఆమ్లంగానే బయటికి పోతుంది. అందుకే పిండిని జల్లించినప్పుడు పురుగులు జల్లెడలో నిలుస్తాయి గాని, పొడిగా ఉండే వాటి మలం పిండితో పాటే కిందికి జారిపోతుంది.