వేరుమూలం మారితే పండు నిల్వ మారుతుందా? అపోహలు - వాస్తవాలు

అపోహ: కాయ కోసేశాక వేరుమూలంతో (రూట్‌స్టాక్, అంటే అంటు కట్టిన చెట్టుకి వేర్లనిచ్చే అడుగు మొక్క) పనేముంది, మిగతాది కోల్డ్ స్టోరేజీ చూసుకుంటుంది.

వాస్తవం: కోల్డ్ స్టోరేజీ పండు పాడవడాన్ని నెమ్మది చేస్తుంది, అంతే. చెట్టు మీద రాని గట్టిదనాన్ని అది ఇవ్వలేదు. కణాల గోడల్లో పెక్టిన్‌ను (కణాలను అంటిపెట్టి ఉంచే జిగురు లాంటి పదార్థం) పట్టి ఉంచేది కాల్షియం, అది వేరు నుంచి నీటితో పాటే పైకి ఎక్కుతుంది, ఒకసారి ఆకుల్లోకి వెళ్లిందంటే మళ్లీ కాయలోకి దాదాపు రాదు. పిందె దశలో వేరు ఎంత అందించింది, ఏపుగా పెరిగే కొమ్మలు అందులో ఎంత లాగేసుకున్నాయి అన్నదే లెక్క, ఈ రెండింటి మీదా వేరుమూలం ప్రభావం ఉంటుంది. హనీక్రిస్ప్ రకం ఆపిల్‌లో కాల్షియం చాలక వచ్చే బిట్టర్ పిట్ ఇలాంటిదే: కోతప్పుడు శుభ్రంగా ఉన్న కాయకి నిల్వలో గోధుమరంగు గుంటలు పడతాయి, వేరుమూలాన్ని బట్టి ఆ తీవ్రత మారుతుంది. ఆస్ట్రేలియాలో హాస్ అవకాడో మీద చేసిన పరిశోధనలో డ్యూక్ 6 అనే వేరుమూలం కంటే వెల్విక్ అనే వేరుమూలం మీద కాసిన కాయలకి కోత తర్వాత ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్రపు కుళ్లు తక్కువగా వచ్చింది.

అపోహ: వేరుమూలం రుచి పండులోకి దిగుతుంది.

వాస్తవం: దిగదు, పండు అంటు కట్టిన రకానిదే. కాకపోతే తీపి, పులుపు ఎంత చిక్కగా ఉంటాయన్నది మారుతుంది. బత్తాయి, నారింజల్లో జంబేరి అనే నిమ్మజాతి వేరుమూలం మీద దిగుబడి బాగుంటుంది కానీ రసం పలచన, తొక్క మందం. ట్రైఫోలియేట్ (మూడాకుల నారింజ) వేరుమూలం మీద రసం చిక్కన. పుల్ల నారింజ మీద కూడా నాణ్యత బాగుంటుంది, అయితే ట్రిస్టెజా వైరస్ వస్తే చెట్టే పోతుంది, ఆ భయంతోనే చాలా దేశాల్లో దాన్ని వదిలేశారు.

అపోహ: కాయ ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: అమ్మకానికి సరే. నిల్వకి కాదు, ఉన్న కాల్షియం పలచబడుతుంది.

అపోహ: రెండు వేరుమూలాల కాయల్ని ఒకే రోజు కోసి పక్కపక్కన పెడితే ఏది మేలో తెలిసిపోతుంది.

వాస్తవం: నాకు చిరాకు తెప్పించేది ఇదే. ఎం.9 లాంటి, చెట్టుని పొట్టిగా ఉంచే వేరుమూలాల మీద ఆపిల్ తరచుగా కొంచెం ముందే పక్వానికి వస్తుంది, అదే తేదీన కోస్తే అవి ముదిరిపోయి ఉంటాయి, త్వరగా మెత్తబడతాయి, మనమేమో వేరుమూలం మంచిది కాదని తీర్పు ఇచ్చేస్తాం. కాయలు తక్కువున్న చెట్టుని, విరగకాసిన చెట్టుని పోల్చినా ఇదే గొడవ. అయోడిన్‌తో పిండిపదార్థం పరీక్ష (పక్వానికి వచ్చేకొద్దీ కాయలో పిండి తగ్గి, నీలిరంగు తగ్గుతుంది) చేసి, రెండిట్లో ఒకే పక్వత వచ్చాక, ఇంచుమించు ఒకే కాపు, ఒకే సైజు ఉన్న కాయల్ని పెట్టి చూడండి, చాలాసార్లు తేడా సగం అక్కడే మాయమవుతుంది.