కారు ఏసీకి పట్టిన పాచి

మొన్న ఆగస్టులో మా మేనత్తను ఆస్పత్రికి తీసుకువెళ్లడానికి బందరులో కారు తీశాను. తలుపులు వేసి, ఏసీ నొక్కి, వీధి మలుపు తిరిగామో లేదో ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. “ముక్కిన బియ్యం మూట ఏదైనా వెనకాల మరిచిపోయావా నాయనా?” అంది. నాకు ఏ వాసనా తెలియలేదు. రోజూ అదే కారులో కాలేజీకి వెళ్లివస్తున్నాను కాబట్టి నా ముక్కు దానికి అలవాటు పడిపోయింది. ఒకే వాసన ఆగకుండా వస్తూ ఉంటే మెదడు కొద్ది నిమిషాల్లోనే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మన ఇంటి వాసన మనకు తెలియకపోవడానికీ, గుమ్మంలో అడుగు పెట్టిన చుట్టానికి వెంటనే తెలిసిపోవడానికీ కారణం అదే.

కాసేపటికి “ఇప్పుడు తగ్గిందిలే” అని కూడా ఆవిడే అంది. నాకు ఆధారం ఆ మాటలో దొరికింది. సీట్లకో, కింద పరిచిన మ్యాట్లకో పట్టిన వాసన అయితే ప్రయాణం పొడుగునా ఉండాలి. వేయగానే గుప్పుమని కొట్టి, చల్లబడ్డాక తగ్గి, ఆపి మళ్లీ వేస్తే తిరిగి వచ్చే వాసన ఒక్క చోటినుంచే వస్తుంది. డ్యాష్‌బోర్డు వెనక, మన కంటికి కనిపించని ప్లాస్టిక్ పెట్టెలో ఉండే కూలింగ్ కాయిల్ నుంచి.

అంతకు ముందు నెలలో ఒక మెకానిక్ గ్యాస్ తగ్గిందని చెబితే పట్టించాను. చల్లదనం పెరిగింది, వాసన మాత్రం పోలేదు. పోదు కూడా. గ్యాస్ మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది, మనం పీల్చే గాలితో కలవదు. ఆ గ్యాస్ ద్రవరూపంలో కాయిల్‌లోకి వచ్చి, సున్నా డిగ్రీలకు కాస్త పైన మరుగుతూ అల్యూమినియం గొట్టాలను, వాటి మధ్య అకార్డియన్ మడతల్లా ఉన్న రెక్కలను చల్లబరుస్తుంది. రెక్కకూ రెక్కకూ మధ్య సందు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. బ్లోయర్, అంటే ఏసీ ఫ్యాన్, తోసిన గాలి ఆ సందుల్లోంచి దూరి వచ్చేటప్పుడు వేడితో పాటు తేమనూ అక్కడ వదిలేస్తుంది, చల్లటి మంచినీళ్ల చెంబు బయట చెమర్చినట్టే.

ఆ తేమ ఎంతో లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆగస్టులో మా బందరు సాయంత్రం 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ అనుకుంటే ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అదే గాలి 10 డిగ్రీలకు చల్లబడితే 9 గ్రాములకు మించి మోయలేదు. అంటే ప్రతి ఘనపు మీటరుకూ 15 గ్రాములు కాయిల్ మీద జారిపోవలసిందే. బ్లోయర్ గంటకు 200 ఘనపు మీటర్ల బయటి గాలిని లాగితే గంటకు 3 లీటర్ల నీరు. లోపలి గాలినే తిప్పుకుంటే ఇంత రాదు గాని, నీరు రావడం మాత్రం ఆగదు. మేలో హైదరాబాదు గాలి ఎండుగా ఉంటుంది కనుక అక్కడ కాయిల్ పెద్దగా తడవదు. అదే కారు జులైలో కంపు మొదలుపెడుతుంది.

కారు ఆపిన తర్వాత ఏమవుతుందో చూడండి. నీటిలో ఎక్కువ భాగం డ్రెయిన్ పైపు గుండా రోడ్డు మీద పడుతుంది. మిగిలింది రెక్కల సందుల్లో పట్టుకొని ఉండిపోతుంది. కంప్రెసర్ ఆగింది కాబట్టి చలి లేదు, బ్లోయర్ ఆగింది కాబట్టి గాలి లేదు. చీకటి, గోరువెచ్చదనం, తడి, గాలితో వచ్చి అంటుకున్న దుమ్ము, పుప్పొడి. సూక్ష్మజీవులకు ఇంతకంటే ఏం కావాలి? అవి అక్కడ స్థిరపడి, తమ చుట్టూ జిగురు లాంటి పదార్థాన్ని స్రవించి, దాని కింద కాపురం పెడతాయి. శాస్త్రవేత్తలు దీన్ని బయోఫిల్మ్ అంటారు. మనకు ఇంతకంటే చక్కని పేరు ఎప్పటినుంచో ఉంది: పాచి. చెరువు మెట్ల మీద జారేదీ, పొద్దున లేవగానే పళ్లకు ఉండేదీ, కాయిల్ రెక్కలకు పట్టేదీ ఒకే రకమైన ఏర్పాటు.

అమెరికాలో అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 1990లలో కార్ల ఏసీలను విప్పి చూసి ఈ పాచిలో ఎవరెవరున్నారో గుర్తించారు. పెనిసిలియం జాతి బూజు, దాని పక్కనే మిథైలోబాక్టీరియం అనే బాక్టీరియా కనిపించాయి. ఈ రెండో దాని కథ నాకు చాలా ఇష్టం. ఇది మామూలుగా చెట్ల ఆకుల మీద నివసిస్తుంది. ఆకులు పెరిగేటప్పుడు కొద్దికొద్దిగా వదిలే మిథనాల్ అనే ఆల్కహాలే దాని ఆహారం. లేత గులాబి రంగులో ఉంటుంది. స్నానాల గదుల్లోని తడి ఉపరితలాల మీదా దొరుకుతుంది.

ఇది చదివాక బానెట్ ఎత్తి ముందు అద్దం కిందికి చూశాను. కారు వేపచెట్టు నీడన ఉంటుంది. వైపర్ల అడుగున ఉన్న జాలీ మీద పండుటాకులు, పూత, ఎండిన పుల్లలు వేలు మందాన మెత్తగా పేరుకొని ఉన్నాయి. కింద పొర నల్లబడి, తడిసిన టీ పొడిలా ఉంది. ఏసీకి బయటి గాలి లోపలికి వెళ్లే దారి సరిగ్గా అదే. నీడ కోసం చెట్టు కింద పెట్టడం మంచిదే, నేనూ మానలేదు. కాని ఆ జాలీని వారానికొకసారి చేత్తో దులపడం ఆ రోజు నుంచి మొదలుపెట్టాను.

ఇక వాసన సంగతి. బూజులు, బాక్టీరియాలు తిని వదిలే పదార్థాల్లో గాలిలో తేలిపోయేవి కొన్ని ఉంటాయి. పుట్టగొడుగు వాసన ఇచ్చేది ఒకటి, మురికి మేజోళ్ల వాసన ఇచ్చే ఆమ్లాలు కొన్ని, మట్టి వాసన ఇచ్చే జియోస్మిన్ ఇంకొకటి. మనిషి ముక్కు జియోస్మిన్‌ను పట్టే తీరు నమ్మశక్యం కానిది. లీటరు నీటిలో 10 నానోగ్రాములు ఉంటే చాలు, తెలిసిపోతుంది. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న చెరువులో 10 గ్రాములు కలిపినట్టన్నమాట. తొలకరి జల్లుకు నేల నుంచి లేచే కమ్మని వాసనలోనూ ఈ జియోస్మిన్ ఉంది. ఆ వాసనకు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 1964లో పెట్రికోర్ అని పేరు పెట్టారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అదే వాసనను మట్టి అత్తరుగా బట్టీలో కాచి తీస్తారు. ఆరుబయట మనం కళ్లు మూసుకొని పీల్చే వాసనకు దగ్గరి చుట్టమే, మూసిన కారులో పుట్టగొడుగులతో, మేజోళ్లతో కలిసి వచ్చినప్పుడు కడుపులో తిప్పుతుంది.

చెరువు చేపల్లో ఒక్కోసారి వచ్చే మట్టి వాసన కూడా జియోస్మిన్ పనే. ఆమ్లం తగిలితే అది విచ్ఛిన్నమై వాసన లేని పదార్థంగా మారుతుంది. మన వాళ్లు చేపలను చింతపండు పులుసులో వండడం వెనక ఈ రసాయన శాస్త్రం పనిచేస్తూనే ఉంది. అలాగని కాయిల్ మీద వెనిగర్ కొట్టకండి. పలచటి అల్యూమినియాన్ని ఆమ్లం తినేస్తుంది. బ్లీచింగ్ ద్రావణమూ అంతే. కాయిల్‌కు చిల్లు పడితే డ్యాష్‌బోర్డు మొత్తం దించవలసి వస్తుంది.

సెంటు డబ్బాలు తగిలించడం పళ్లు తోముకోకుండా యాలకులు నమలడం లాంటిది. కాసేపు కప్పుతుంది, అంతే. ఓజోన్ అనే వాయువును వదిలే యంత్రం పెట్టించడం అంతకంటే మెరుగు. ఓజోన్ వాసన అణువులను విరగ్గొడుతుంది. కాని పాచి అడుగు పొరల దాకా అది సరిగా చేరదు కనుక కొన్ని వారాల్లో కథ మొదటికొస్తుంది. పైగా అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆ పని చేయించినప్పుడు తలుపులన్నీ తెరిచి, లోపల బాగా గాలి ఆడనిచ్చాకే ఎక్కాలి.

పట్టిన పాచి పోవాలంటే కడగక తప్పదు. అల్యూమినియానికి హాని చేయని, కాయిల్ కోసమే తయారైన నురగ మందు దొరుకుతుంది. దాన్ని సన్నటి గొట్టంతో డ్రెయిన్ పైపు నుంచో, ఫిల్టర్ తీసిన సందులోంచో కాయిల్ దాకా పంపాలి. నా కారు కింద పళ్లెం పెట్టి చూశాను. మొదట తెల్లని నురగ వచ్చింది. పావుగంట గడిచాక బూడిద రంగు నీళ్లు, వాటిలో చిన్న చిన్న జిగట ముక్కలు. రెండు వేళ్ల మధ్య నలిపితే కలబంద గుజ్జులా జారాయి. ఇన్నాళ్లూ దీని మీదుగా వచ్చిన గాలినా పీల్చింది అనిపించింది. అందరికీ జబ్బు చేస్తుందని చెప్పను గాని, ఉబ్బసం, ఎలర్జీ ఉన్నవాళ్లు తేలికగా తీసుకోకూడదు. బూజు పట్టిన కారు ఏసీ వల్ల ఊపిరితిత్తులు వాచిన ఉదంతం 1981లోనే వైద్య పత్రికకు ఎక్కింది.

గ్లవ్ బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్‌ను కడిగి మళ్లీ పెట్టవద్దు, కొత్తది వేయండి. ఏడాదికొకటి పెద్ద ఖర్చేమీ కాదు. ఏసీ నడుస్తున్నప్పుడు కారు కింద నీటి చుక్కలు పడుతున్నాయో లేదో కూడా చూడండి. వానాకాలంలో చుక్క పడకపోయినా, ముందు సీటు కింద కార్పెట్ తడిగా తగిలినా, మలుపుల్లో డ్యాష్‌బోర్డు లోపల నీళ్లు తొణికినట్టు వినిపించినా డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టే. తియ్యటి వాసన వస్తే అది పాచి కాదు, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ కారుతోంది. కుళ్లిన వాసన అయితే బ్లోయర్ దగ్గర ఎలుక చచ్చిందేమో వెతకండి.

ఇంత కడిగినా, మళ్లీ రోజూ తడిగా వదిలేస్తే పాచి తిరిగి వస్తుంది. అసలు కిటుకు ఆరబెట్టడంలోనే ఉంది. ఆవకాయ పెట్టే రోజున మా మేనత్త మామిడి ముక్కలను ఒక్కొక్కటిగా గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, తడి గరిటెను జాడీ దరిదాపులకు రానిచ్చేది కాదు. తడి లేనిచోట బూజు బతకదని ఆవిడకు ఎవరూ పాఠం చెప్పలేదు.

గమ్యం చేరడానికి కొన్ని నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి, బ్లోయర్‌ను మాత్రం నడపమని చాలామంది చెబుతారు. మంచి సలహా. కాని ఊరిని బట్టి దాని ఫలితం మారుతుంది. కాయిల్‌లో పావు లీటరు నీరు చిక్కుకుందనుకుందాం. మే నెల హైదరాబాదులో 40 డిగ్రీల ఎండుగాలి దాన్ని ఏడెనిమిది నిమిషాల్లో లాగేసుకుంటుంది. ఆగస్టులో మా బందరు గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. ఘనపు మీటరుకు ఒకటి రెండు గ్రాములకు మించి తీసుకోలేదు. ఆ లెక్కన దగ్గర దగ్గర గంట పడుతుంది.

అందుకే కోస్తాలో వానాకాలమంతా హీటర్ సాయం తీసుకోవాలి. ఇందులో ఒక మెలిక ఉంది. చాలా కార్లలో గాలి ముందు కాయిల్‌ను, ఆ తర్వాత హీటర్‌ను దాటుతుంది. బయటి గాలి పెట్టి హీటర్ వేస్తే మనకు వేడి తగులుతుంది గాని, కాయిల్‌కు తగలదు. లోపలి గాలి తిరిగే బటన్ నొక్కి, కిటికీలు రెండు వేళ్ల సందు దించి, హీటర్ పూర్తిగా తిప్పాలి. అప్పుడు వేడెక్కిన గాలి మళ్లీ కాయిల్ మీదుగా వస్తుంది, తేమ కిటికీల్లోంచి బయటికి పోతుంది. పది నిమిషాలు చెమట పట్టించే పని కాబట్టి రోజూ చేయలేం. నేను ఆదివారం ఇంటి ముందు కారు ఆపి, ఇంజిన్ నడుస్తుండగా తలుపు బయట నిలబడి చేస్తాను. కారు మూసిన షెడ్డులో ఉంటే మాత్రం ఈ పని అసలు చేయకూడదు, పొగ ప్రాణాంతకం.

కాయిల్ ఆరిందో లేదో చెయ్యే చెబుతుంది. ఏసీ బటన్ ఆపి బ్లోయర్ ఒక్కటే నడుపుతున్నప్పుడు గాలి ముందు గబగబా చల్లదనం కోల్పోతుంది. తర్వాత ఒక చోట నిలబడిపోతుంది, బయటికంటే కాస్త చల్లగా. రెక్కల మీది నీరు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తున్నంత సేపూ అది అలాగే ఉంటుంది, తడి వట్టివేళ్ల తడికలోంచి వచ్చే గాలిలాగా. చివరి చుక్క ఆవిరయ్యాక ఆ కాస్త చల్లదనమూ పోయి, కిటికీ బయటి గాలి ఎంత వెచ్చగా ఉందో లోపలిదీ అంతే అవుతుంది. వానాకాలంలో ఈ తేడా రెండు మూడు డిగ్రీలే కనుక చేతికి సరిగా అందదు. ఎండలు ముదిరిన రోజున హైదరాబాదులో ప్రయత్నించి చూడండి, స్పష్టంగా తెలుస్తుంది.

దసరాకు మేనత్తను మళ్లీ అదే కారులో తీసుకువచ్చాను. ఎక్కగానే కొంగు చేతిలోకి తీసుకుంది. రెండు క్షణాలు అలాగే పట్టుకొని ఉండి, వదిలేసింది.